పాతబడింది ఇనుము కాదండీ

మా బాల్కనీలో డెబ్భై కిలోల యంత్రం ఒకటి ఉంది. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ దాన్ని చూసి "ఇది ఏం చేస్తుంది?" అని అడగరు. "ఎంత పెట్టి కొన్నావు?" అంటారు. ఆ వెంటనే "అంత డబ్బుకు కొత్తదే వస్తుంది కదా!" అని తీర్పు కూడా చెప్పేస్తారు. ఎనిమిది నెలలుగా నోటితో జవాబు చెప్పి విసిగిపోయాను కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను. ఇక ఎవరు అడిగినా ఇదే పంపిస్తాను.

అది ఒక విదేశీ కంపెనీ తయారుచేసిన ఎన్‌గ్రేవింగ్ యంత్రం. షీల్డులూ నేమ్‌ప్లేట్లూ చెక్కే దుకాణం మూసేస్తుంటే, తూకానికి పోబోతున్న దాన్ని, కంప్యూటరు చెప్పినట్టు చెక్కనూ ఇత్తడినీ చెక్కే యంత్రంగా మార్చుకుందామని 9,000 రూపాయలకు తెచ్చుకున్నాను. దుకాణం ఆయన నిజాయితీగానే చెప్పాడు: "తీసుకెళ్లి ఏం చేసుకుంటారు సార్, పాతబడిపోయింది."

ఆ మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది. ఏది పాతబడింది? పోత ఇనుము బెడ్డు మీద ఒక్క గీత లేదు. తలను అటూ ఇటూ జరిపే బాల్ స్క్రూలను వేలితో తిప్పితే చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి. పోయింది మోటార్లకు ఆజ్ఞలిచ్చే కంట్రోల్ కార్డు ఒక్కటే. సరే, దాన్ని బాగు చేయిద్దామంటే అసలు సాఫ్ట్‌వేర్ ఫ్లాపీల్లో ఉంది, విండోస్ 98 మీద తప్ప నడవదు, ప్రింటర్ పోర్టుకు డాంగిల్ అనే తాళంచెవి తగిలిస్తే తప్ప తెరుచుకోదు. ఆ డాంగిల్ ఎప్పుడో పోయింది. కంపెనీకి రాస్తే ఆ మోడల్‌ను వదిలేశామని చెప్పి, కొత్త మోడళ్ల ధరల పట్టిక పంపారు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ముక్క లేదని డెబ్భై కిలోల ఇనుమును చంపేశారన్నమాట.

హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న పరిశ్రమల షెడ్లలోకి వెళ్లి చూడండి. సికింద్రాబాద్‌లో 1943లో పుట్టిన ప్రాగా టూల్స్ వారి పాత టూల్ గ్రైండర్లు (పనిముట్లకు పదును పెట్టే యంత్రాలు) ఇంకా నిప్పురవ్వలు చిమ్ముతూ కనిపిస్తాయి. వాటిని ఎవరూ పాతబడ్డాయి అనరు. బేరింగు పోతే మార్చుకుంటారు, మోటారు కాలితే చుట్టించుకుంటారు. లోపల ఏముందో బయటికి కనబడే యంత్రానికి ముసలితనం ఆలస్యంగా వస్తుంది. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసినప్పుడు సంబరపడ్డాను. తీరా చూస్తే వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు, ఈ నాలుగే. నేమ్‌ప్లేట్లు చెక్కుకుని బతికే చిన్న దుకాణం యంత్రం ఏ లెక్కలోకీ రాలేదు.

ఇక పని సంగతి. పాత కార్డు పీకేసి దాని చోట ఆర్డుయినో ఊనో అనే చిన్న కంప్యూటరు బోర్డు పెట్టాను. అందులోని చిప్పుకు ఉన్న మెమరీ 32 కిలోబైట్లు, మీ ఫోనులో ఒక ఫొటోకు కూడా చాలదు. 2009లో నార్వేలో మొదలైన జీఆర్‌బీఎల్ అనే ఉచిత ప్రోగ్రాం ఆ కాస్త చోటులోనే సర్దుకుని మూడు అక్షాలనూ (కుడి ఎడమలు, ముందు వెనకలు, పైకీ కిందికీ) నడుపుతుంది. తాళం లేదు, డాంగిల్ లేదు, రేపు ఎవరో "వదిలేశాం" అనే భయం లేదు. నా దృష్టిలో ఈ మార్పిడిలో అసలు లాభం ఇదే, డబ్బు కాదు.

వైర్ల దగ్గర మాత్రం చెమటలు పట్టాయి. అడుగులు లెక్కపెట్టినట్టు తిరిగే పాత స్టెప్పర్ మోటార్లకు ఆరేసి వైర్లు, రంగులకు అర్థం చెప్పే కాగితం లేదు. ఓ చిట్కా చెబుతాను: ఏవైనా రెండు వైర్లు కలిపి పట్టుకుని షాఫ్టు తిప్పండి, బిగుసుకుంటే ఆ రెండూ ఒకే చుట్టవి. ఆ తర్వాత మల్టీమీటరు పెడితే, చివర నుంచి చివరకు ఉన్న నిరోధంలో సగం చూపించేది మధ్య వైరు. దాన్ని టేపు చుట్టి వదిలేయడమే. ఇంత తెలివిగా అన్నీ కనిపెట్టిన నేను, కరెంటు ఉండగానే మోటారు ప్లగ్గు ఊడదీసి మోటారుకు కరెంటు అందించే డ్రైవర్ అనే చిన్న బోర్డును ఒకదాన్ని కాల్చుకున్నాను. ఆ వాసన రెండు రోజులు పోలేదు. మా ఆవిడ కూడా రెండు రోజులు మాట్లాడలేదు.

లెక్క కట్టాను: మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు, డ్రైవర్ ఒక్కో అడుగును ఎనిమిది ముక్కలు చేస్తుంది, స్క్రూ ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే మిల్లీమీటరుకు 320 ముక్కలు. నూరు మిల్లీమీటర్లు పొమ్మంటే సరిగ్గా యాభై దగ్గర ఆగింది. రాత్రంతా ప్రోగ్రాంను తిట్టుకున్నాను. పొద్దున్నే కవరు విప్పితే మోటారుకూ స్క్రూకూ మధ్య బెల్టు, ఒక వైపు 20 పళ్ల పుల్లీ, ఇంకో వైపు 40. మిల్లీమీటరుకు 640 అన్నమాట. ఇనుము అబద్ధం చెప్పలేదు, నేనే దాని మూత తీసి చూడలేదు.

వీడియోల్లో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఎన్‌గ్రేవింగ్ యంత్రానికి లోతు అంటే ఏమిటో సరిగా తెలియదు. నాది హెచ్‌పీజీఎల్ అనే, పెన్నుతో బొమ్మలు గీసే ప్లాటర్ యంత్రాల భాష వినేది: పెన్ను ఎత్తు, పెన్ను దించు, ఫలానా చోటికి పో. తల స్ప్రింగు మీద తేలుతూ, పలక ఎత్తుపల్లాలను బట్టి తనే సర్దుకుంటుంది. ఇత్తడి మీద గీతకు అది అమృతం. చెక్కలో ఆరు మిల్లీమీటర్లు దిగాలంటే మాత్రం ఆ తేలే తల పనికిరాదు. నిలువు అక్షం మొత్తం కొత్తగా చేయించుకోవాల్సిందే. "ఒక్క ఆదివారంలో మార్చేశాం" అని నవ్వుతూ వీడియో పెట్టేవాళ్లు ఈ ముక్క ఎందుకు దాచేస్తారో నాకు అర్థం కాదు. నాకు ఆ ఒక్క అక్షానికే రెండు నెలలు పట్టింది. బాలానగర్‌లో ఒక పెద్దాయన మందపాటి అల్యూమినియం పలకను మిల్లింగ్ చేసి ఇచ్చాడు. నా కొలతల కాగితం చూసి "బాబూ, రంధ్రానికి రంధ్రానికి మధ్య దూరం రాశావు, అంచు నుంచి ఎంతో రాయలేదు" అన్నాడు. ఇంజినీరింగు పట్టా ఉన్న నాకు సిగ్గేసింది.

ఆ పెద్దాయనే ఇంకో సంగతి పట్టించాడు. మొదటి పనిగా మా మామగారి ఇంటికి టేకు పలక మీద "శ్రీ నిలయం" అని చెక్కాను. దూరం నుంచి బాగుంది. దగ్గరికొస్తే 'ల'లో వంపులన్నీ కుడి ఎడమ కొసల దగ్గర గిల్లినట్టు నొక్కుకుపోయాయి. అంతకు ముందు ఇంగ్లీషు అక్షరాలు చెక్కితే ఏమీ కనబడలేదు. ఈ, ఎల్, టీ, అన్నీ తిన్నటి నిలువు, అడ్డ గీతలే కదా, లోపం దొరకదు. మన అక్షరాలు గుండ్రం. ప్రతి వంపులోనూ అక్షం దిశ మార్చుకోవాలి, మార్చుకున్న ప్రతిసారీ స్క్రూలో ఉన్న ప్లే, అంటే వదులు, బయటపడుతుంది. పెద్దాయన సన్నని కదలికను కొలిచే డయల్ గేజీ పెట్టి చూస్తే 0.15 మిల్లీమీటర్లు. స్క్రూ మంచిదే, చివర బేరింగు నట్టు వదులైంది, అంతే. బిగించాక 'ల' మళ్లీ నిండుగా వచ్చింది. యంత్రాన్ని పరీక్షించడానికి వృత్తాలూ చతురస్రాలూ గీయమంటారు. నేనైతే 'ఱ' చెక్కి చూడమంటాను.

అక్షరాల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో కడుపుమంట. చెక్కే యంత్రానికి కావలసింది ఒంటి గీత అక్షరం. ఇంగ్లీషుకు 1967లోనే అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో హెర్షీ అనే ఆయన అలాంటివి తయారుచేసి పెట్టాడు. గ్రీకుకూ రష్యన్‌కూ కూడా చేశాడు. తెలుగుకు లేవు. మనకున్న ఫాంట్లు అక్షరం అంచును గీసేవి, ఇత్తడి మీద వేస్తే ప్రతి గీతా జంట గీత అవుతుంది. చెక్క మీదైతే వి-బిట్టుతో, అంటే వి ఆకారపు మొన ఉన్న కోత ముక్కతో, నెట్టుకొస్తాం. ఇత్తడి కోసం మాత్రం తలకట్టు దగ్గర్నుంచి ఒక్కో అక్షరం చేత్తో గీసుకుంటున్నాను. స్టీలు సామాన్ల కొట్టులో కుర్రాడు గిన్నె తిప్పుతూ పెళ్లివారి పేరు అలవోకగా చెక్కేస్తుంటే కాసేపు నిలబడి చూస్తాను. వాడికి ఏ ఫాంటూ అక్కర్లేదు.

డబ్బు లెక్క అడిగేవాళ్ల కోసం: యంత్రంతో కలిపి ఇప్పటికి 35,000. ఇంతకంటే తక్కువలో కొత్త బల్లమీద యంత్రం వస్తుంది, కాదనను. 300 బై 180 మిల్లీమీటర్ల అల్యూమినియం చట్రం, బిట్టును తిప్పే స్పిండిల్ బొమ్మ మోటారంత. నేర్చుకోవడానికి బాగానే ఉంటుంది. టేకులోకి దించండి, చట్రం వణుకుతుంది, భయపడి వేగం తగ్గిస్తే బిట్టు చెక్కను కోయడం మానేసి రుద్దుతుంది, పొగ వస్తుంది. నా దాంట్లో రెండు అంచుల బిట్టు, నిమిషానికి 12,000 చుట్లు, 1,200 మిల్లీమీటర్ల వేగం. ఒక్కో అంచు కొరికేది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. పొడి కాదు, చిన్న చిన్న పెచ్చులు రాలతాయి. ఆ పెచ్చుల కోసమే ఇంత ఇనుము కావాలి. ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో నొక్కి చేసిన పలక) కోసేటప్పుడు మాత్రం మంచి మాస్కు పెట్టుకోండి, ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ప్రమాదంలో నొక్కే ఎర్ర బటన్ స్పిండిల్ కరెంటును నేరుగా తెంచాలి, సాఫ్ట్‌వేర్‌ను బతిమాలేది కాకూడదు.

అంతా బాగైపోయిందని అనను. స్పిండిల్ తిరిగితే చాలు అక్షం చివరికి చేరితే ఆపే లిమిట్ స్విచ్‌లు వాటంతటవే తగిలినట్టు చెప్పి పని ఆపేసేవి. తొడుగున్న కేబుల్ వేసి, దాని తొడుగును ఒక్క వైపే ఎర్త్ చేసి, స్విచ్‌కు చిన్న కెపాసిటర్లు పెట్టాక స్పిండిల్ గొడవ తీరింది. కానీ కింద అపార్ట్‌మెంటు నీళ్ల మోటారు వేసిన క్షణంలో ఇప్పటికీ ఠక్కున ఆగిపోతుంది. ఎటు నుంచి వస్తుందో ఇంకా దొరకలేదు. ప్రస్తుతానికి ఆదివారం ఉదయం వాచ్‌మన్‌కు ఫోను చేసి, "ట్యాంకు నిండిందా?" అని అడిగి, నిండిందంటేనే పని మొదలుపెడుతున్నాను.