నెమలి బ్రహ్మచర్యం, మన ఫోన్ల పుణ్యం

ఈ వారంలో అదే సందేశం నాలుగోసారి వచ్చింది. మొదట మా బావగారు పంపారు, తరువాత అపార్ట్‌మెంటు కార్యదర్శి, ఆపైన మా చిన్నత్తయ్య. నిన్న బీచ్ రోడ్డులో రోజూ నాతో నడిచే పెద్దమనిషి పంపి, చదివానో లేదోనని ఫోను కూడా చేశారు. సారాంశం ఇది: మగ నెమలి ఆజన్మ బ్రహ్మచారి, దానికి సంసార బంధం లేదు, దాని కన్నీటి చుక్క మింగి ఆడది గర్భం దాలుస్తుంది, అందుకే జాతీయ పక్షి అయింది. దానికి తోకగా మరికొన్ని: కాళ్లు చూసుకుని ఏడుస్తుంది, తెల్ల నెమలి వేరే దివ్యజాతి, ఈకలన్నీ వాటంతటవే రాలినవే కనుక కొని ఇంట్లో పెట్టుకుంటే పుణ్యం.

కాళ్ల సంగతి: ఏడవదు. ఆ కాళ్ల వెనక ములుకులుంటాయి, పోటీకొచ్చిన మగదాన్ని వాటితోనే తంతుంది. తెల్ల నెమలిదీ అదే జాతి, ఈకల్లో రంగు చేరలేదు, అంతే.

ఇక కన్నీళ్లు. 2017లో ఒక హైకోర్టు న్యాయమూర్తి కూడా ఈ మాటే అన్నారని మా పెద్దమనిషి వాదన. అన్నారు, నిజమే. పదవీ విరమణ రోజున, విలేకరులతో. న్యాయమూర్తి అన్నంత మాత్రాన గుడ్డు దారి మార్చుకోదు కదా!

మన జూలో ఒకసారి అరగంట నిలబడి చూశాను. మగది పురి విప్పి ఈకలను వణికిస్తుంటే ఎండుటాకుల మీద చినుకులు పడ్డ చప్పుడు. ఈకలన్నీ అల్లాడుతున్నా వాటి కన్నులు మాత్రం మేకులు కొట్టినట్టు కదలకుండా నిలిచాయి. ఆడది పట్టనట్టు గింజలు ఏరుకుంటోంది. కన్నీళ్లతో పని జరిగేదైతే ఆ మగపక్షికి ఇంత ప్రయాస ఎందుకు? ఒక మూల కూర్చుని ఏడిస్తే సరిపోయేది. ఆడది ఒప్పుకుంటే మగది దాని వీపు మీదికి ఎక్కుతుంది. కోడిపుంజు చేసే పనే, కొన్ని సెకన్లలో ముగుస్తుంది. రెప్ప వేసినవాళ్లకు కనిపించకపోవచ్చు. రెప్ప వేసినవాళ్లే ఈ సందేశం రాసి ఉంటారు. ఆపైన ఆడది నేల మీద గుంటలో నాలుగు నుంచి ఆరు గుడ్లు పెట్టి, ఇరవై ఎనిమిది రోజులు ఒక్కతే పొదుగుతుంది.

సంసార బంధం లేదన్న ముక్క మాత్రం ఒప్పుకుంటాను. మగది గుడ్ల వైపు చూడదు, పిల్లల మొహం చూడదు; మరో ఆడదాని ముందు పురి విప్పుతూ ఉంటుంది. దాన్ని బ్రహ్మచర్యం అంటే, మా వీధిలోనూ ఇద్దరు ముగ్గురు బ్రహ్మచారులున్నారు.

1963లో జాతీయ పక్షిని ఎంచుకున్నప్పుడు చూసింది దేశమంతటా ఉందా, సామాన్యుడు గుర్తుపడతాడా, మన కథల్లో, కళల్లో చోటుందా అని. పోటీలో బట్టమేక పిట్ట కూడా ఉంది. దాని బ్రహ్మచర్యాన్ని ఎవరు పరీక్షించారో!

నాకు నవ్వు రానిది ఈకల ముక్క దగ్గరే. మూడో తరగతిలో నేనూ నెమలీకను తెలుగు వాచకంలో దాచి, పిల్లలు పెడుతుందని పెన్సిల్ పొట్టు మేతగా వేసినవాణ్ణే. వానలు తగ్గే వేళకు పింఛం రాలడం నిజం. 1972 వన్యప్రాణి చట్టం నెమలిని చంపడాన్ని నేరమంటూనే, రాలిన ఈకలను దేశంలో అమ్ముకోనిచ్చింది. ఆ సందులోంచే దొంగ సరుకూ వస్తుంది. రాలిన ఈక మొదలు ఎండి శుభ్రంగా ఉంటుంది. పెరికినదాని మొదట్లో నెత్తురు మరక ఉంటుంది. ఆ మరక కనబడకుండా మొదలు కోసేస్తారు.

ఈ మాటే చెబితే మా పెద్దమనిషి ఈ ఉదయం తన నెమలీకల విసనకర్ర పట్టుకొచ్చారు. పిడికి చుట్టిన ఎర్రదారం విప్పి చూశాం. పదకొండు ఈకలు. పదకొండింటికీ మొదలు ఏటవాలుగా కోసి ఉంది. రాలినవో పెరికినవో ఇక ఎవరూ చెప్పలేరు.

బేరమాడి సగం ధరకే తెచ్చానని అన్నారు.