భయంతో చచ్చిన రాజు పేరు మీదే మన చెరువు

నల్లగొండ పక్కనున్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి ఎవరొచ్చినా ఒకటే పని. శివలింగం మీద పడే నీడ ఏ స్తంభానిదో తేల్చుకోలేక కాసేపు బుర్ర గోక్కోవడం, ఫోటో దిగి వెళ్ళిపోవడం. మొన్న మా బావ వాళ్ళూ అంతే. "కాకతీయుల గుళ్ళంటే గుళ్ళే" అన్నాడు బావ. నాకు ఒళ్ళు మండింది.

కాదు బావా, ఇది కందూరు చోడులది. పానగల్లు, మహబూబ్‌నగర్ దిక్కు కందూరు, వర్ధమానపురం వాళ్ళు ఏలిన చోట్లు. వాళ్ళకు పైన ప్రభువులు కళ్యాణి చాళుక్యులు. కాకతీయులూ మొదట ఆ చాళుక్యుల సామంతులే, ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

గొడవేంటంటే, చోడుల పతనం కథ మనం చదివేది గెలిచినవాడి శాసనంలో. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు వేయించాడు, రాసింది ఆయన కవి అచింతేంద్రుడు. అందులో ముందు తండ్రి రెండో ప్రోలరాజు గొప్పలు. చాళుక్య రాజు తైలపుణ్ణి యుద్ధంలో పట్టుకుని, భక్తితో, ప్రేమతో వదిలేశాడట! ప్రభువును బంధించాక ఇంకెక్కడి భక్తి? గోవిందరాజు అనే మరొకణ్ణి కూడా పట్టి వదిలేసి, రాజ్యాన్ని మన కందూరు చోడుడు ఉదయుడికి కట్టబెట్టాడట.

తర్వాత కొడుకు వంతు. రుద్రదేవుడి భయానికి తైలపుడు అతిసారం పట్టి పోయాడట. చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. నిజానికి తైలపుడి గద్దెను గుంజుకున్నది బిజ్జలుడు, వాడూ ఒక సామంతుడే. అంత పెద్ద రాజ్యం కూలిపోతుంటే, ఈయన కవి మాత్రం విరేచనాల మీద శ్లోకం కట్టాడు. ఇక మన ఉదయ చోడుడు? వాడూ భయంతోనే చచ్చాడట. శత్రువులందరికీ ఒకటే రోగం!

రుద్రదేవుడు గొప్ప రాజు కాదని నేననను. కానీ ప్రత్యర్థి ఎలా చచ్చాడో గెలిచినవాడి ఆస్థాన కవి చెబితే, అది చరిత్రా, పొగడ్తా? స్కూల్లో మాకు కాకతీయుల గురించి పాఠం ఉంది. కందూరు చోడుల గురించి ఒక్క ముక్క లేదు. నల్లగొండలో పుట్టి పెరిగిన నాకు ఆ పేరు డిగ్రీ అయిపోయాక తెలిసింది.

గుడి నుంచి వస్తూ ఉదయసముద్రం కట్ట మీద ఆగాం. ఇప్పుడు దీంట్లోకి కృష్ణా నీళ్ళొస్తున్నాయి, నల్లగొండ తాగేది ఇవే. బావ టీ తాగుతూ "ఎంత పెద్ద చెరువో" అన్నాడు. ఉదయుడెవరని మాత్రం అడగలేదు.