వేళ్లకు నేర్పని టైపింగ్

కడపలో మా అమ్మాయి చేరిన కంప్యూటర్ శిక్షణ కేంద్రం వారు టైపింగ్ నేర్పుతామని చెప్పి రుసుము కట్టించుకున్నారు. తీరా చూస్తే అక్కడ తెర మీద పేరా పూర్తయిందా లేదా అన్నదే తప్ప పిల్లల చేతుల వంక చూసే నాథుడే లేడు. ఎఫ్, జె కీల మీద ఉబ్బెత్తుగా ఉండే చిన్న గీతలు, కళ్లు దించకుండానే చూపుడు వేళ్లు తమ చోటికి తిరిగి రావడానికే ఉన్నాయని చెప్పేవారు లేక, పిల్ల రెండు వేళ్లతో కోడి గింజలు ఏరినట్టు ఒక్కొక్క అక్షరాన్నీ వెతుక్కుంటోంది. ఒకసారి చేతికి పట్టిన ఆ అలవాటును మాన్పించడం కొత్తగా నేర్పడం కంటే కష్టమన్న సంగతి వారికి తెలియదా?

తెలుగు విషయంలో జరుగుతున్నది మరీ అన్యాయం. భారతీయ భాషల కోసం రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో గుణింతపు గుర్తులు ఎడమ చేతి కింద, హల్లులు ఎక్కువగా కుడి చేతి కింద ఉంటాయి కనుక రెండు చేతులూ పని పంచుకుంటాయి. కె, డి, జె వరుసగా నొక్కితే ‘క్ర’ వచ్చేస్తుంది. విండోస్‌లో ఉచితంగానే ఉన్న ఈ అమరికను పక్కన పెట్టి, ఆంగ్ల అక్షరాలతో తెలుగు కొట్టించి, అదే తెలుగు టైపింగ్ అని పిల్లలను నమ్మిస్తున్నారు. డీటీపీ పనికి, అంటే అచ్చుకు వెళ్లే పేజీలను కంప్యూటర్‌లో కూర్చే పనికి వెళితే అక్కడ యాపిల్ అనే మరో తెలుగు కీబోర్డు అమరిక అడుగుతారు, యూనికోడ్ (అక్షరాలకు అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతాలు వాడే పద్ధతి) కాని పాత ఫాంట్లలో పని చేయమంటారు. అప్పుడు ఇక్కడ నేర్చింది ఎందుకూ కొరగాదు.

డబ్బు తీసుకున్నవారు రోజూ పావుగంటైనా, కీబోర్డు మీద గుడ్డ కప్పించి, వేగం గురించి తొందరపెట్టకుండా, పిల్లల పక్కన నిలబడి ఏ వేలు ఏ కీ మీదకు వెళుతోందో చూసి సరిదిద్దాలి.