బల్ల కింద పన్నెండు ద్రాక్షలు: స్పెయిన్ పేరిట తిరుగుతున్న ఒక సందేశానికి ఖండన

డిసెంబర్ నెలాఖరు దగ్గరపడితే చాలు, ఒక సందేశం మన ఫోన్లలో చేతులు మారుతూ ఉంటుంది. దాని సారాంశం ఇది: స్పెయిన్‌లో వేల ఏళ్లుగా ఒక ఆచారం ఉంది, డిసెంబర్ 31 అర్ధరాత్రి బల్ల కింద కూర్చుని, పండుకొక కోరిక చొప్పున పన్నెండు ఆకుపచ్చ ద్రాక్షలు తింటే ఏడాది తిరిగేలోగా పెళ్లి కుదురుతుంది, 1909లో అక్కడి ఆలికాంతె ప్రాంతపు రైతులు దీన్ని కనిపెట్టారు, స్పెయిన్ వాళ్ల పండగ తిండి ఇదే, కాబట్టి పసిపిల్లలతో సహా ఇంటిల్లిపాదీ తినండి. 2024 డిసెంబర్ 31న మన దేశంలో నిమిషాల మీద సరుకులు చేరవేసే ఒక సంస్థ అధిపతి, ఈ రోజు ద్రాక్షకు ఇంత గిరాకీ ఏమిటని బహిరంగంగానే ఆశ్చర్యపోయారంటే, ఈ నమ్మకం ఎంత దూరం పాకిందో ఊహించవచ్చు.

వేల ఏళ్ల ఆచారాన్ని 1909లో కనిపెట్టడం ఎలా సాధ్యమన్న ప్రశ్న సందేశం రాసినవారికి తట్టినట్టు లేదు. ఆ రెండు మాటల్లో ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలి. పరిశీలిస్తే రెండూ నిలబడవు. అర్ధరాత్రి గడియారం కొట్టే పన్నెండు గంటల్లో ఒక్కో గంటకూ ఒక పండు తినాలంటే ముందు ఆ గంటలు ఊరంతటికీ వినిపించాలి. స్పెయిన్‌లో ఈ వేడుకకు కేంద్రమైన మాడ్రిడ్ నగరపు పుయెర్తా దెల్ సోల్ కూడలిలోని గడియారాన్ని, లండన్‌లో స్థిరపడిన స్పానిష్ గడియారాల నిపుణుడు లొసాదా తయారుచేసి ఇవ్వగా, రెండవ ఇసబెల్ రాణి కాలంలో 1866లో ప్రారంభించారు. కూడలిలో ఈ వేడుక వయసును అంతకంటే వెనక్కి జరపడం కుదరదు.

ఇక 1909 సంగతి. ఆ ఏడాది ఆలికాంతె ప్రాంతంలో ద్రాక్ష విరగకాసిందనీ, మిగులు సరుకు అమ్ముకోవడానికి రైతులు ఈ ఆచారాన్ని పుట్టించారనీ చెప్పే కథ స్పెయిన్‌లోనూ బాగా ప్రచారంలో ఉంది. అయితే 1890ల నాటి మాడ్రిడ్ పత్రికల్లోనే అర్ధరాత్రి ద్రాక్షల ప్రస్తావన కనిపిస్తుంది; 1897 నాటికే అది మాడ్రిడ్ వాసుల అలవాటుగా అచ్చయింది. సంపన్న కుటుంబాలు ఫ్రాన్స్ పద్ధతిని అనుసరించి ఏడాది చివరి రాత్రి షాంపేన్‌తో పాటు ద్రాక్ష తినేవి. 1882లో మాడ్రిడ్ మేయర్ జనవరి 5 రాత్రి, అంటే ముగ్గురు రాజుల పండగ ముందటి రాత్రి, వీధుల్లో సందడి చేసేవారి మీద ఒక దూరో, అంటే 5 పెసెతాలు, రుసుము విధించడంతో సామాన్యులు తమ అల్లరిని డిసెంబర్ 31కి మార్చుకుని, కూడలిలో గడియారం కింద నిలబడి దొరల ద్రాక్షలను వెక్కిరిస్తూ తాము కూడా తిన్నారన్నది ఎక్కువగా వినిపించే కథనం. నాకు ఈ కథనమే నమ్మదగినదిగా తోస్తుంది. ఎందుకంటే ఈ వేడుకలో నేటికీ భక్తి కంటే పరిహాసం పాలే ఎక్కువ.

అంతమాత్రాన రైతుల పాత్ర ఏమీ లేదనడం న్యాయం కాదు. ఆచారాన్ని పుట్టించింది వారు కాకపోయినా దేశమంతటా నిలబెట్టింది వారేనని చెప్పవచ్చు. యూరప్‌లో ద్రాక్ష కోతలు సాధారణంగా శరదృతువుతోనే ముగుస్తాయి; అయినా డిసెంబర్ 31కి తాజా పండు దొరుకుతున్నదంటే అందుకు కారణం ఆలికాంతె ప్రాంతంలోని వినలోపో లోయ. అక్కడి రైతులు సుమారు వందేళ్లుగా, కాయ తీగ మీద ఉండగానే ప్రతి గుత్తికీ కాగితపు సంచి తొడుగుతున్నారు. ఆ సంచి పురుగు నుంచి, వాన నుంచి, ఎండ నుంచి కాయను కాపాడటమే కాక పక్వాన్ని నెమ్మదింపజేస్తుంది. సంవత్సరాంతపు పండుగా పేరుపడిన అలేదో రకం అలా నవంబర్, డిసెంబర్ నెలల్లో కోతకు వస్తుంది. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల తోటల్లో పండిన అనాబ్‌షాహి మాదిరిగానే అందులోనూ గింజ ఉంటుంది. ఆ ఇబ్బంది తప్పించడానికే అక్కడి దుకాణాల్లో తొక్కా గింజా తీసిన పన్నెండు పండ్ల చిన్న డబ్బాలు అమ్ముతారు.

బల్ల కింద దూరడం, పెళ్లి కుదరడం అనే భాగం స్పెయిన్ సంప్రదాయంలో లేదు. లాటిన్ అమెరికాలో కొన్నిచోట్ల ఉన్న పద్ధతి సామాజిక మాధ్యమాల ద్వారా లోకమంతా వ్యాపించి, దారిలో ఎక్కడో స్పెయిన్ చిరునామా తగిలించుకుంది. స్పెయిన్‌లో జనం కూడలిలో నిలబడో, ఇంట్లో టీవీ ముందు గిన్నె పట్టుకునో తింటారు. వాటిని వారు ‘అదృష్టపు ద్రాక్షలు’ అంటారు. ఆ అదృష్టం రాబోయే పన్నెండు నెలలకు, ప్రత్యేకంగా వివాహానికి కాదు. పండుకొక కోరిక కోరుకోవడానికి వ్యవధి కూడా చాలదు. మొదట ‘క్వార్తోస్’ అనే నాలుగు జంట గంటలు మోగుతాయి. అవి హెచ్చరిక మాత్రమే, అప్పుడు తినకూడదు. తరువాత మూడేసి సెకన్లకు ఒకటి చొప్పున పన్నెండు గంటలు, మొత్తం 36 సెకన్లు. 1989 చివరి రాత్రి జాతీయ టెలివిజన్ వ్యాఖ్యాత ఈ రెండింటి మధ్య పొరబడటంతో ప్రేక్షకులు తికమకపడిన సంగతిని అక్కడివారు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు.

స్పెయిన్ పండగ తిండి ద్రాక్షే అనడం, తెలుగువారి పండగ వంట పులిహోర ఒక్కటే అన్నట్టుంటుంది. క్రిస్మస్ దినాల్లో బాదం, తేనెతో చేసే హిహోనా ఊరి తుర్రోన్ మిఠాయి, బాదం, చక్కెర ముద్దతో చేసే తొలేదో మార్జిపాన్, అందలూసియాలోని ఎస్తేపా ఊరి పొల్వొరోన్లు అనే పొడిపొడిలాడే బిస్కెట్లు బల్ల మీద ఉంటాయి. కతలూన్యా ప్రాంతంలో డిసెంబర్ 25న మాంసంతో కాచిన ఎస్కుదెల్యా అనే చారు, 26న మాంసం కూరిన పాస్తా గొట్టాలైన కనెలోన్స్ వండుతారు. జనవరి 6న, బాల యేసును చూడవచ్చిన ముగ్గురు రాజుల పండగకు చేసే వలయాకారపు రొస్కోన్ రొట్టెలో ఒక చిన్న బొమ్మను, ఒక ఎండు చిక్కుడు గింజను దాస్తారు. బొమ్మ దొరికినవారు ఆనాటి రాజు, గింజ దొరికినవారు రొట్టె ఖరీదు చెల్లించాలి.

పసిపిల్లలకు కూడా తినిపించమన్న చివరి మాట అన్నిటికంటే ప్రమాదకరమైనది. గుండ్రంగా, జారుడుగా ఉండే ద్రాక్షపండు చిన్నపిల్లల శ్వాసనాళానికి అడ్డం పడగలదు. అందుకే అయిదేళ్లలోపు పిల్లలకు ద్రాక్షను ముక్కలు చేయకుండా పండు పండుగానే ఇవ్వవద్దని స్పెయిన్ శిశువైద్యులు హెచ్చరిస్తారు. ఆచారం పుట్టిన దేశంలోనే పిల్లల గిన్నెలో పండ్లను తొక్కా గింజా తీసి, నిలువుగా నాలుగు ముక్కలు కోసి వేయమంటుంటే, ఇక్కడ అదే పిల్లలను బల్ల కింద వంగి కూర్చోబెట్టి గబగబా మింగించమని చెప్పే సందేశాన్ని ఇంకొకరికి పంపకండి.