కుర్చీకీ ప్రమాద హెచ్చరిక కావాలి

ధవళేశ్వరం వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది జారీ అవుతాయి. నది పొంగే ముందు ఇంత మర్యాద పాటించే ఈ డెల్టాలో, ఎర్గోనామిక్ కుర్చీ కుంగే ముందు మాత్రం ఏ హెచ్చరికా లేకపోవడం తీవ్రమైన పరిపాలనా లోపమని మనవి చేస్తున్నాను. ఉదయం బల్లపై హాయిగా ఆనిన నా మోచేతులు భోజనాల వేళకు బల్ల అంచు పట్టుకుని వేలాడుతున్నాయి. సాయంత్రం వీడియో సమావేశంలో హైదరాబాదులోని మేనేజరుగారికి నా నుదురు తప్ప మరేమీ కనిపించడం లేదు. అమలాపురంలో ఇంటి నుంచి పనిచేసేవాడికి పదోన్నతి ఎలాగూ దూరమే గానీ, కూర్చున్నచోటే పతనం రాసిపెట్టి ఉందని ఎవరూ చెప్పలేదు.

ఇందులోని శాస్త్రం గంభీరమైనది. సీటు కింది గొట్టంలో అధిక పీడనంతో నత్రజని నింపి, బయటికి పోకుండా సీలు బిగిస్తారు. సీలు నాసిరకమైతే వాయువు మెల్లగా జారుకుంటుంది, పైనున్న మనిషి దానితోపాటు దిగుతాడు. గాలిలో దాదాపు 78 శాతం నత్రజనే కనుక, తయారీదారు దానిని సొంత ఊరికి సాగనంపాడని సరిపెట్టుకోవాలి కాబోలు.

కుర్చీ మనిషికి అమరాలన్నది ఎర్గోనామిక్స్ మూలసూత్రం. ఇక్కడ ఆ బాధ్యతను మనిషికే అప్పగించారు. నడుముకు ఆసరా అని ప్రకటించిన ప్లాస్టిక్ దిమ్మె నా వీపు నడుమ పొడుస్తోంది. అది నడుముకు తగలాలంటే నేను మరో జానెడు ఎదగాలి, ఈ వయసులో అది నా చేతిలో లేదు. చక్రాలు తివాచీ నేలకు పనికొచ్చే గట్టి నైలానువి కావడంతో, మా టైల్స్ మీద చెప్పకుండా ప్రయాణమవుతాయి. ఇక పైతొడుగు పాలియూరిథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన కృత్రిమ తోలు. తేమ తగిలితే ఆ పదార్థం జలవిశ్లేషణ చెంది, అంటే నీటి చర్యకు విచ్ఛిన్నమై, పొలుసులుగా ఊడుతుంది. ఒకవైపు కాలువలు, మరోవైపు చెరువులు, ఆపైన సముద్రపు గాలి ఉన్న కోనసీమకు ఇంతకంటే తగిన సరుకు ఎంపిక చేయడం కష్టం.

కుర్చీ సంస్థకు ఫిర్యాదు చేస్తే, "సార్, మీరు సరిగ్గానే కూర్చుంటున్నారా?" అని అడిగారు. పత్రం తిరగేస్తే గ్యాసు గొట్టం, చక్రాలు, స్పాంజి, పైతొడుగు వారంటీలోకి రావట. వాతావరణంలోని తేమకు సంస్థ బాధ్యత వహించదట. మిగిలింది అట్టపెట్టె. అది మాత్రం చెక్కుచెదరలేదని నిష్పక్షపాతంగా ఒప్పుకోవాలి.

చివరకు ప్లంబరును పిలిపించాను. ఆయన పీవీసీ పైపు ముక్కను నిలువునా చీల్చి, సీటు కింది ఇనుప కడ్డీకి తొడిగారు. కుంగడం ఆగింది, లేవడమూ ఆగింది. "ఇంకా ఎత్తు కావాలంటే కబురు చెయ్యండి, పెద్ద ముక్క కోసుకొస్తాను, ఆయ్" అని ఎత్తు సర్దుబాటు బాధ్యతను ఆయనే స్వీకరించారు.

పని కుర్చీలకు మన దేశంలో 2022 నాటి ఐఎస్ 17631 అనే ప్రమాణం ఉంది. ఆ సంఖ్య కోసం కుర్చీని తలకిందులు చేసి, పొలుసులు దులిపి, టార్చి వేసి మరీ గాలించాను. ఐఎస్ 4985 అని స్పష్టంగా కనిపించింది. అది తాగునీటి గొట్టాల ప్రమాణం. ప్లంబరు తొడిగిన ముక్క మీద ఉంది.