జత కట్టని క్రోమోజోముల దగ్గరే ఆగిన సుడిదోమ పోరు

సార్వాలో స్వర్ణ రకం వరి పొట్టకొచ్చేసరికి గోదావరి డెల్టాలో దుబ్బుల రసం పీల్చే సుడిదోమ భయం మొదలు. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయాలని, యూరియా తగ్గించాలని, మందు దుబ్బు మొదళ్లు తడిసేలా కొట్టాలని రైతుకు కంఠతా వచ్చు. కానీ ఏటా ఈ బాధ తప్పాలంటే దోమను తట్టుకునే శక్తి విత్తనంలోనే ఉండాలి. అడవి వరుల్లో అది దండిగా ఉంది. మన వరిలోకి రాకుండా దానికి అడ్డం పడుతున్నది క్షయకరణ విభజన, అంటే పుప్పొడి, అండాలు తయారయ్యేటప్పుడు క్రోమోజోములు జతకట్టి సగమయ్యే విభజన.

ఒరైజా నివారా అనే అడవి వరి మన వరికి దగ్గరి చుట్టం, రెండిటిదీ ఏఏ జీనోమ్ (క్రోమోజోముల సెట్టు). అందుకే సుడిదోమ మోసే గ్రాసీ స్టంట్ వైరస్‌ను తట్టుకునే జన్యువు మామూలు సంకరణంతోనే ఐఆర్ 36 వరి రకంలోకి వచ్చింది. దూరపు చుట్టాలైన అడవి వరుల్లో అఫిసినాలిస్‌ది సీసీ, ఆస్ట్రేలియెన్సిస్‌ది ఈఈ. వాటితో కలిపితే గింజే నిలవదు; పిండాన్ని తీసి గాజుసీసాలో పెంచాలి. మొక్క బతికినా దాని 24 క్రోమోజోముల్లో చాలావరకు జత దొరక్క ఒంటరిగా మిగులుతాయి. జత లేకపోతే ముక్కల మార్పిడీ లేదు, పుప్పొడి తాలుపోతుంది. బ్యాక్‌క్రాస్ చేస్తే (మళ్లీ మన వరితోనే కలిపితే) 25 క్రోమోజోముల మొక్కలు దొరుకుతాయి గానీ ఆ అదనపు క్రోమోజోము తర్వాతి తరాల్లో జారిపోతుంది. సుడిదోమను తట్టుకునే బీపీహెచ్14, బీపీహెచ్18 లాంటి జన్యువులు బయటికి రావడం అరుదైన మార్పిడుల పుణ్యం.

గోధుమవాళ్లు ఈ అడ్డంకి ఎక్కడుందో పట్టుకున్నారు. మూడు జీనోములు, 42 క్రోమోజోములు ఉన్నా గోధుమలో 21 జతలే కడతాయి. 5బి క్రోమోజోము పొడుగు భుజం మీది పీహెచ్1 అనే జన్యుభాగం దీనికి కారణమని 1958లో తేలింది. ఆ ముక్క ఊడిన పీహెచ్1బి మొక్కను అమెరికా శాస్త్రవేత్త సియర్స్ ఎక్స్-కిరణాలతో తయారుచేసి 1977లో ప్రకటించాడు. ఆ మొక్కను అడవిగడ్డితో కలిపితే, మామూలుగా ఒకదాన్నొకటి పట్టించుకోని క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. అక్కడ పనిచేసేది జిప్4 జన్యువు అదనపు నకలని తర్వాత తెలిసింది. అయితే పీహెచ్1 లేకుండా అలాగే వదిలేస్తే మూడు నాలుగు క్రోమోజోములు ఒకచోట చిక్కుపడతాయి, తరతరానికీ అమరిక చెడి గింజ తగ్గుతుంది. కావలసిన ముక్క మారగానే మామూలు గోధుమతో కలిపి పీహెచ్1ను వెనక్కి తెచ్చుకోవాలి.

జన్యు సవరణ ఉండగా ఈ తంటా ఎందుకంటారు కొందరు. సవరించాలంటే ఏ జన్యువో ముందు తెలియాలి, అడవి వరిలో తెలియనివే ఎక్కువ. వరి ద్విస్థితికం (ఒకే జీనోమ్ రెండు ప్రతులుగా ఉంటుంది), దానికి పీహెచ్1 లేదన్న మాట నిజమే. కానీ రెక్యూ4 జన్యువును పనిచేయకుండా చేసిన వరిలో క్రాసోవర్లు (ముక్కల మార్పిడులు) సుమారు మూడింతలయ్యాయని 2018లోనే తేలింది. అది దగ్గరి రకాల సంకరం. సీసీ, ఈఈలతో ఏమవుతుందో చూడటానికి ముందు మైక్రోస్కోపు దగ్గర కూర్చునేవాళ్లు కావాలి.

అక్కడే నా అసలు ఫిర్యాదు. ఎన్ని రకాలు విడుదల చేశారన్నదే కొలమానమైన చోట క్రోమోజోములు లెక్కపెట్టే పనికి విలువ లేదు. 1982లో స్వర్ణనిచ్చిన మార్టేరు వరి పరిశోధన కేంద్రానికి ఈ పని కొత్త భవనాలు అడగదు. పోటాకు (వెన్ను కింది చివరి ఆకు) చెవులు కింది ఆకు చెవులతో సమానమయ్యే వేళ, వెన్ను ఇంకా పొట్టలో ఉండగానే తీయాలి. ఆలస్యమైతే పుప్పొడి రేణువులే కనిపిస్తాయి. ఆల్కహాల్ 3 పాళ్లు, ఎసిటిక్ ఆమ్లం 1 పాలు కలిపి అందులో 24 గంటలుంచి 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. పరాగకోశాన్ని (పుప్పొడి సంచిని) క్రోమోజోములకు రంగు పట్టించే ఎసిటోకార్మైన్‌లో నలిపి చూడాలి. వరి క్రోమోజోములు గోధుమవాటికంటే బాగా చిన్నవి, రంగు పలచబడితే ఒంటరివీ జతలూ కలిసిపోయి లెక్క తప్పుతుంది. వెన్ను పైభాగం ముందు, కిందిది వెనక నడుస్తుంది కాబట్టి పై నుంచి కింది దాకా చిరుపూలు తీసి చూడాలి. ఒకటి రెండు జతలు కనిపించినా బ్యాక్‌క్రాస్ మొక్కలు ఎక్కువ పెంచడం దండగ కాదు. ఒక్కటీ లేకపోతే గామా కిరణాలతో క్రోమోజోము తుంచి ముక్క అతికించే దారి చూడాలి.