మెట్ల మీద ఆగి సూర్యుడికి దండం పెట్టినవాళ్లు

డిసెంబర్ వచ్చిందంటే రెండు రకాల వాట్సాప్ మెసేజ్‌లు మొదలవుతాయి. ‘క్రిస్మస్ రోమన్ల సూర్యుడి పండగ, దొంగిలించి పేరు మార్చారు’ అని ఒకటి. ‘ఇది అన్యమతస్తుల ఆచారం, బైబిల్లో తారీఖే లేదు, చేయకండి’ అని క్రైస్తవుల్లోనే కొందరు పంపేది ఇంకోటి. వీళ్లకీ వాళ్లకీ పడదు. కానీ పుట్టుకలో మైల ఉంటే పండగ చెల్లదని ఇద్దరూ నమ్ముతారు. నేను ఒప్పుకోనిది అదే.

పాత కథ తెలిసిందే. 274లో ఆరేలియన్ చక్రవర్తి రోమ్‌లో ‘అజేయ సూర్యుడి’కి గుడి కట్టించాడు. 354 నాటి రోమన్ పంచాంగంలో డిసెంబర్ 25న అజేయుడి పుట్టినరోజు అని ఉంది. అదే సంకలనంలో ఇంకోచోట క్రీస్తు బెత్లెహేములో పుట్టిందీ ఆ రోజేనని ఉంది. దానికి వారం ముందే శాటర్నేలియా అనే రోమన్ల పండగ. కొవ్వొత్తులు, మట్టిబొమ్మలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లు, బానిసలకు యజమానులు వడ్డించేవాళ్లు.

మరియ గర్భం దాల్చిన రోజుగా చెప్పుకునే మార్చి 25కి తొమ్మిది నెలలు కలిపితే ఈ తారీఖు వచ్చింది, సూర్యుడితో పనిలేదు అనే పండితులూ ఉన్నారు. కావచ్చు. క్రిస్మస్ చెట్టు కూడా అంత పాతదేం కాదు, దాని ఆనవాళ్లు దొరికేది 16వ శతాబ్దం దరిదాపుల్లో, జర్మన్ భాష మాట్లాడే ఊళ్లలో. కానీ తారీఖు ఎలా వచ్చిందన్నది ఒకటి, జనం ఆ రోజు ఏం చేశారన్నది ఇంకొకటి.

ఏం చేశారో ఐదో శతాబ్దం మధ్యలో పోప్ లియో తన క్రిస్మస్ ప్రసంగంలోనే చెప్పి బాధపడ్డాడు. సెయింట్ పీటర్స్ చర్చికి వచ్చే భక్తులు మెట్లన్నీ ఎక్కి, తీరా గుమ్మం ముందుకొచ్చాక వెనక్కి తిరిగి, పొడుస్తున్న సూర్యుడికి వంగి దండం పెట్టి అప్పుడు లోపలికి వచ్చేవాళ్లట. వాళ్లు క్రైస్తవులే. ప్రార్థనకే వచ్చారు. తాతముత్తాతల నాటి దండం అది, చేతులు వాటంతటవే లేచి ఉంటాయి. దీన్ని దొంగతనం అని ఎలా అంటాం? మతం మారినవాళ్లు తమ పండగని తామే వెంట తెచ్చుకున్నారు. 601లో పోప్ గ్రెగరీకి ఇది అర్థమైంది. ఇంగ్లండ్‌లో గుళ్లు కూల్చొద్దు, విగ్రహాలు మాత్రం తీసేసి పవిత్ర జలం చల్లి వాడుకోండి, బలిచ్చే ఎద్దుల్ని కోసుకుని దేవుడి పేరున విందు చేసుకోనివ్వండి అని అక్కడికి వెళ్తున్న మతప్రచారకుడు మెల్లిటస్‌కి ఉత్తరం రాశాడు.

శుద్ధి చేస్తామని బయల్దేరినవాళ్లు ఏం చేస్తారో కూడా చూశాం. అమెరికాలోని మసాచుసెట్స్‌లో, బైబిల్లో లేని ఆచారాలేవీ వద్దనే ప్యూరిటన్ క్రైస్తవులు 1659లో క్రిస్మస్ జరుపుకుంటే 5 షిల్లింగులు జరిమానా అన్నారు. పని మానేసినా తప్పే, విందు చేసుకున్నా తప్పే. 1681లో ఆ చట్టం ఎత్తేయాల్సి వచ్చింది.

మన సంక్రాంతి సంగతి చూడండి. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబర్ 21, 22 తేదీల్లో. మనం ఉత్తరాయణం అని పండగ చేసేది జనవరి 14, 15ల్లో. అంతమాత్రాన ఎవరైనా ముగ్గు చెరిపేసుకున్నారా? మా వీధిలో అరిసెల పాకం సరిగ్గా పట్టడం ఒక్క పెద్దావిడకే వచ్చు. క్రిస్మస్‌కి వాళ్లింట్లో పాకం పడుతుంది, గుమ్మానికి కాగితం నక్షత్రం వేలాడుతుంటుంది. మూడు వారాలు తిరక్కుండానే ‘అత్తా, కాస్త వచ్చి పాకం చూడవూ’ అని పక్కింటివాళ్లు పిలుస్తారు. ఆవిడ చెయ్యి కడుక్కుని వెళ్తుంది.